ఒక్క తాను, ముగ్గురు తోటికోడళ్లు

నేను ఒక పాత ఫోటోను. మూలలు చెద తిన్నా ముఖాలు మిగిలినదాన్ని. నన్ను చేతిలో పట్టుకుని కూర్చున్న నళినికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన దిగులంతా పాలల్లోకి దిగి, ఒళ్లోని అయిదు నెలల పిల్లకు పట్టుకుంటుందని. పిల్ల తూకం పెరగలేదని అంగన్‌వాడీలో చెప్పిన దగ్గరనుంచి ఆ భయం మరీ ముదిరింది.

మగ్గం గుంటలోకి వాననీరు ఊరి పదిహేను రోజులైంది. నేత లేదు. మొగుడు ఏడుకొండలు గుంటూరులో మిరపకాయల మూటలు మోయడానికి వెళ్లాడు, శనివారం దాకా రాడు. సామాన్లు అటక ఎక్కిస్తుంటే నళినికి నేను దొరికాను. చూడగానే ఒళ్లు మండింది.

"ముగ్గురూ జరీచీరలు కట్టి ఎట్టా నవ్వుతున్నారో. మీకేం మామ్మా, మంచిరోజులు," అంది మొగుడి నాయనమ్మ వజ్రమ్మతో.

"మంచిరోజులా? అప్పుడూ గుంటలో కప్పలే. అయినా అవి మూడు చీరలు కాదే పిచ్చిదానా. సరిగ్గా చూడు."

ఇక్కడినుంచి నేను చెబుతాను. వజ్రమ్మకు వదిలేస్తే కథలో తన వంతు పెంచుకుంటుంది.

నన్ను తీసినవాడు ఊళ్లు తిరిగే ఫోటోగ్రాఫరు. వానకు చిక్కి మూడు రోజులు ఈ ఇంటి అరుగు మీద ఉండిపోయాడు. తాగిన గంజికి బదులు ఒక ఫోటో తీస్తానన్నాడు. తోటికోడళ్లు ముఖాలు చూసుకున్నారు. ఊరందరికీ చీరలు నేసే ఆ ఇంట్లో చిరుగు లేని చీర ఒక్కటి లేదు. ఉన్నదల్లా వానలకు ముందు నేసి దించిన తాను. మూడు చీరల పొడవు, ఒకే గుడ్డ. నూలిచ్చే షావుకారు వచ్చి తన ఎదుట కోయిస్తేగాని దానికి కత్తెర తగలకూడదు. కట్టుకున్నారని తెలిస్తే ఆ ఇంటికి మళ్లీ నూలు రాదు.

"కొయ్యొద్దన్నాడుగాని చుట్టుకోవద్దన్లేదుగా," అంది పెద్దకోడలు నాంచారమ్మ.

ముగ్గురూ బల్ల మీద వరసగా కూర్చున్నారు. తాను నాంచారమ్మ భుజాన మొదలై, నడిపామె సౌభాగ్యాన్ని చుట్టి, చంటిబిడ్డతో ఉన్న చిన్నకోడలు వజ్రమ్మ దగ్గర తేలింది. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చాడో లేదో, వీధి మలుపులో షావుకారు గొడుగు కనిపించింది. నాంచారమ్మ వంటింటి వైపు లేచింది, వజ్రమ్మ పెరటి వైపు. గుడ్డ బిగిసింది.

"అక్కా, నన్ను చీల్చి తలా సగం తీసుకుంటారా ఏంది?" అంది మధ్యలో సౌభాగ్యం.

అంతే, ముగ్గురూ బల్ల మీద కూలబడి నవ్వు మొదలుపెట్టారు. భయంలోంచి వచ్చే నవ్వు ఆపితే ఆగేది కాదు.

షావుకారు వాళ్లను చూడలేదు, వాళ్ల ఒంటిమీది తానునూ చూడలేదు. కెమెరాను చూశాడు. గొడుగు మడిచి, మీసం దువ్వుకుని, వచ్చి బల్ల పక్కన నిటారుగా నిలబడ్డాడు. "ఊఁ, కానీయ్," అన్నాడు. అలా పుట్టాను నేను. నాలాంటిదే ఇంకోటి తీయించుకుని, పటం కట్టించి కొట్లో తగిలించాడాయన. తన సరుకును తన పక్కనే ముగ్గురు కట్టుకున్న సంగతి బతికినన్నాళ్లూ కనిపెట్టలేదు. మనుషులు ఫోటోలో ముందు తమనే వెతుక్కుంటారు, తర్వాత కూడా తమనే.

ఇదంతా వజ్రమ్మ నోట విన్న నళిని నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తాను ఎక్కడైనా తెగిందేమోనని వేలితో రాసి చూసింది. ఎక్కడా తెగలేదు. పెదవి బిగబట్టినా లాభం లేకపోయింది. ఒళ్లు కదిలేలా నవ్వింది. పిల్ల పాలు వదిలేసి, ఈవిడెవరన్నట్టు తల్లి ముఖంలోకి చూసింది.

"చూశావా మామ్మా, పాలు మానేసింది."

"నువ్వు నవ్వంగా ఎప్పుడు చూసిందిలే, కొత్త దానికి. ఆ ఫోటోలో నా ఒళ్లోవాడు ఎవడనుకున్నావు? తెనాల్లో ఉన్న మీ మామ. ఆ వానల్లో గంజి తాగే పాలిచ్చా. దిగులు పాలల్లో దిగేదైతే వాడికా బొజ్జ యాడిది? దిగులు దిగదే. నువ్వు తినకపోతే పాలే దిగవు."

ఆ పూట నళిని రెండోసారి అన్నం పెట్టించుకుంది. మర్నాడు వజ్రమ్మ కంటి ఆపరేషనుకని చీరాలలో కూతురింటికి వెళ్లింది. ఇప్పుడు ఇంట్లో నళిని, పిల్ల, గోడ మేకుకు నేను. నాలో అయిదు నోళ్లున్నాయి గాని, తిన్నావా అని అడగడానికి ఒక్కటీ పనికిరాదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మంగళగిరి వైపు వస్తే మగ్గాల వీధిలో నీలం తలుపు తట్టండి. వచ్చినవాళ్లంతా పిల్లెలా ఉందని అడిగి పోతున్నారు. మీరు నళినిని చూడండి. తిన్నానంటుంది. నమ్మకండి. అన్నం గిన్నె మూత తీసి చూడండి.