షెడ్డు లేని రూటు

ఇంజన్‌లో నిలబడి ఉన్నాను, కాళ్ల కింద ఇనుప రేకు అదురుతోంది, కానీ పక్కకు తిరిగితే అది మా హైస్కూలు కంప్యూటర్ గది కిటికీ, అందులోంచి బొగ్గుపొగ లోపలికి వస్తోంది, సార్ కూర్చునే కుర్చీలో తాత కూర్చుని ఉన్నాడు. ఆయన పోయి నాలుగు నెలలైందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, ఆ మాట ఇద్దరం ఎత్తడం లేదు. భుజం మీద తడి తువ్వాలు, చేతిలో మనిషంత పొడవున్న ఇనుప కడ్డీ, దాని కొస కొక్కెంలా వంగి ఉంది. అదేమిటని అడగబోయి ఊరుకుంటాను, ఎందుకంటే అంతకంటే ముందు అడగవలసిన మాట ఇంకొకటి ఉంది.

"ఏమేం పెట్టినారు పాపా లిస్టులో?" అంటాడు, నిన్నటిదాకా ఈ సంగతే మాట్లాడుకుంటున్నట్టు.

ఆ లిస్టు మా గుంపుది. కంప్యూటర్‌లో రైళ్లు నడిపే సిమ్యులేటర్‌కి రూట్లు తయారుచేసే వాళ్ల గుంపు అది, అక్కడ నా ముఖం ఎవరికీ కనిపించదు కాబట్టే నేను అందులో ఉండగలిగాను. ఆవిరి ఇంజన్ల రూట్లలో మేలైన అయిదింటిని ఏరి విడుదల చేస్తున్నారు. నాలుగు తేలిపోయాయి. అయిదోది నాది కావచ్చు. ఒకటే షరతు, ఆ దారిలో నిజంగా బండి నడిపిన మనిషి పేరు, అతను చెప్పిన మాటలు రూటుతో పాటు పంపాలి. ఫారంలో ఆ పేరు రాసే గడిలో నేను మద్దిలేటి, డ్రైవర్, మా తాత అని రాశాను. ఈ సాయంత్రంతో గడువు ముగుస్తుంది.

"నీలగిరి బండి ఉంది, డార్జిలింగ్ బండి ఉంది," అంటాను.

"అవి పటం కట్టిచ్చుకోడానికి బాగుంటాయి. ఇంజన్ యాడ ఏడుస్తాదో, అదీ రూటంటే."

బతికున్నప్పుడూ ఇదే మాట అన్నాడు. నేను డైరీలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. ఇప్పుడా డైరీ బొగ్గు కుప్ప మీద తెరిచి ఉంది, పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి, ఒక్కో పేజీ తిరిగినప్పుడల్లా బయట ఒక్కో స్టేషను దాటిపోతోంది, చిలకమడుగు, ఆ తర్వాత గాజులకోన, అన్నీ నేను తయారుచేసినట్టే ఉన్నాయి, చెట్లు కూడా ఆ మూడు రకాలే, నా దగ్గర ఉన్నవి ఆ మూడే కాబట్టి అడవంతా వాటినే తిప్పి తిప్పి నాటాను. బండి కొండెక్కే ఘాటు మొదలైంది. వెనకనుంచి ఇంకో ఇంజన్ తోస్తోంది. తాత చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు, చాప ఎప్పుడు వచ్చిందో తెలియదు, రెండేళ్లు ఆయన అలాగే కూర్చుని నాకు దారి చెప్పాడు. ఈడ ఎడమకు వంపు, ఈడ నేను ఇసక వదుల్తా, చక్రం జారకుండా, ఈడ నేను విజిల్ పట్టుకునే ఉంటా. నేను, నేను, నేను.

పెద్దకర్మ రోజు మాబూసాబు వచ్చాడు, తాతతో రైల్వేలో పనిచేసిన డ్రైవర్. నేను నీళ్ల గ్లాసులు పట్టుకుని తలుపు వెనక ఉన్నాను, మనుషులు ఎక్కువగా ఉంటే నేను తలుపు వెనకే ఉంటాను. ఆయన అవ్వ దగ్గర కళ్లు తుడుచుకుంటూ చెప్పుకుపోయాడు. మద్దిలేటి ఒకే ఒక్కసారి ఘాటెక్కాడట, సొరంగంలో ఊపిరాడక పడిపోయాడట, మళ్లీ ఎక్కనన్నాడట, ఇరవై ఏడేళ్లు కొండ కింది షెడ్డులోనే ఇంజన్ల బూడిద లాగాడట. మాబూసాబు బండి దిగిన ప్రతి సాయంత్రం తాత ఆయన చేతిలో బీడీ పెట్టి, ఈరోజు ఘాటు ఎలా ఉంది చెప్పమని ఎదురుగా కూర్చునేవాడట. అవ్వ తల ఊపుతూ వింది. అమ్మా వింది. ఒక్కరి ముఖం కూడా మారలేదు. ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఇప్పుడు దూరంగా సొరంగం నోరు కనిపిస్తోంది. నేను చేసిన సొరంగమే, లోపలంతా నలుపు. అక్కడేముంటుందని ఎన్నిసార్లు అడిగినా తాత, నలుపు పెట్టు పాపా, సొరంగంలో ఏముంటాది, అనేవాడు. గుంపులో ఒకతను నడిపి చూసి, మనుషులు ఒదిగి నిలబడే గూళ్లు లేవు, సున్నం గుర్తులు లేవు, నీటి ఊట లేదు, ఇది సొరంగంలా లేదు అని రాశాడు. మా తాతకంటే నీకు ఎక్కువ తెలుసా అని తిరిగి రాశాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఒకరితో గొడవ పడింది అదొక్కసారే.

"ఏంటికి తాతా, నేనూ నేనూ అని చెప్పినావు?"

నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలియదు. ఆయన ఒలుస్తున్న కాయ ఆగిపోతుంది.

"మొదటి రోజు నువ్వు అడిగితివి గదా, ఇంజన్ నడిపినావా తాతా అని. నీ మొగం చూసి ఊఁ అంటి. తెల్లారి చూస్తే బుక్కూ పెన్నూ తెచ్చుకోని ఎదురుగా కూచుంటివి."

"రెండేండ్లు తాతా."

"ఆ రెండేండ్లూ నాతో మాట్లాడితివి గదా. ఇంట్లో ఎవురితోనూ మాట్లాడవు నువ్వు."

"అందుకని అబద్ధం రాయిచ్చినావా నాతో?"

పొగ మా ఇద్దరి మధ్య మెల్లగా తిరుగుతుంది, అందులో ఆయన ముఖం ఒకసారి కుర్రవాడిదిలా, ఒకసారి ఆసుపత్రి మంచం మీది ముఖంలా కనిపిస్తుంది.

"షెడ్డు గురించి చెప్పింటే అదే రాసుకునేదాన్ని."

"షెడ్డులో ఏముంటాది పాపా, బూడిద."

సొరంగం గురించి ఎలా అన్నాడో అలాగే అంటాడు. అప్పుడు నేను వెనక్కి తిరిగి చూస్తాను, వచ్చిన దారంతా ఒక్క చూపులో కనిపిస్తుంది, స్టేషన్లు, వంతెనలు, వంపులు, అన్నీ ఉన్నాయి, ఇంజన్ ఎక్కడనుంచి బయలుదేరిందో ఆ చోటు మాత్రం లేదు. నా రూటులో ఇంజన్ పొద్దున్నే ప్లాట్‌ఫాం మీద దానంతటదే ప్రత్యక్షమవుతుంది. దాన్ని రాత్రి ఎవరు పడుకోబెట్టారో, ఎవరు లేపారో, కడుపులో నిప్పు ఎవరు పెట్టారో ఎక్కడా లేదు.

"నీకు తెలిసిందేదీ నాకు చెప్పలేదు," అంటాను. "మాబూసాబుకు తెలిసిందే చెప్పినావు."

ఆయన కడ్డీని ఒళ్లోకి తీసుకుంటాడు. "నిప్పు దించేటప్పుడు ముందు ఇంజన్ కింది గుంత తడపాల పాపా, లేకుంటే బూడిద లేసి కండ్లల్లో... ఆ మీదట కడ్డీని ఇట్ల..." అంటూ రెండు చేతులూ ముందుకు చాస్తాడు, నేను డైరీ కోసం వెతుకుతాను, సరిగ్గా అప్పుడే సొరంగం దగ్గరికి వచ్చేస్తుంది, ఇంజన్ మోత గోడలకు తగిలి తిరిగొచ్చి ఆయన మాటల్ని కప్పేస్తుంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఒక్క ముక్క వినపడదు.

మోత కాస్త తగ్గేసరికి ఆయన మెట్టు మీద ఉన్నాడు.

"నేను ఈడనే దిగుతా."

"సొరంగం దాటిపోదాం తాతా. నేనున్నా గదా."

"వద్దు పాపా." తువ్వాలు తీసి నాకు అందిస్తాడు, ముక్కుకు కట్టుకోమని సైగ చేస్తాడు. ఆ తర్వాత, చిన్నగా, "నా పేరు తీసేస్తావా?" అంటాడు.

తీసెయ్యనని అనాలని ఉంది. అలా అంటే అది కూడా ఆయన చెప్పిన అబద్ధంలాంటి మాటే అవుతుంది.

"తీసేస్తా."

తర్వాతి స్టేషను పేరు చెబితే విన్నట్టు తల ఊపుతాడు. కడ్డీ భుజాన వేసుకుని పట్టాల పక్కగా కిందికి, షెడ్డు ఉండాల్సిన వైపుకి నడుస్తాడు. బండి ఆపాలని చూస్తాను, దేన్ని లాగితే ఆగుతుందో నాకు ఎవరూ నేర్పలేదు. నేను చేసిన నలుపులోకి నేనే వెళ్లిపోతున్నాను, గోడ లేదు, గూడు లేదు, చెమ్మ లేదు, చప్పుడు కూడా పెట్టలేదని అప్పుడు గుర్తొస్తుంది, చేతిలో తువ్వాలు ఒక్కటే చల్లగా ఉంది, ఎక్కడో చాలా దూరాన ఇనుము రాతిని గీకుతున్న చప్పుడు, ఆగి, మళ్లీ, ఆగి, మళ్లీ.

కళ్లు తెరిచాను. తెల్లవారి ఎండ కిటికీలోకి వచ్చింది. చప్పుడు ఆగలేదు.

పెరట్లో అవ్వ నీళ్లపొయ్యి ముందు వంగి, కొస వంగిన పొడుగాటి ఇనుప కడ్డీతో బూడిద బయటికి లాగుతోంది. నేను పుట్టినప్పటినుంచీ అది స్నానాల గది గోడకు ఆనించే ఉంటుంది. దాంతో మునక్కాయలు కోశాం, వానాకాలం బట్టల తాడు ఎత్తి కట్టాం. ఎక్కడిదని నేనెన్నడూ అడగలేదు. పైకొసన రెండు చేతులు పట్టే మేర ఇనుము అరిగి నున్నగా మెరుస్తోంది. అవ్వ చేతులు అంతకు మూరెడు కింద పట్టుకుని ఉన్నాయి.