పిన్ని కథకు రెండు వ్యాసాలు

కాలేజీలో సాహిత్యం చెప్పే లెక్చరరమ్మను పిల్లలు చాటుగా భూతద్దం అనేవారు. ఒక్క వాక్యం పట్టుకుందంటే గంట కొట్టేదాకా వదిలేది కాదు. కథలో ఒకడు కుర్చీ జరిపి కూర్చున్నా సరే, ఎందుకు జరిపాడో రాయందే మార్కులు వేసేది కాదు. ఆ పేరు ఆమె చెవినా పడింది. కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది.

ఆమె పిన్నికి బజారు చివర మందుల షాపు ఉంది. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక పిన్ని కౌంటరు వెనక కూర్చుని కథలు రాసేది. ఆ ఏడు రాసిన కథ అందరినీ నవ్వించింది. ఒక ఇంటి గోడ బీటలిస్తుంది. మన ఇంటి గోడకు బీటేమిటని ఇంటి పెద్దాయన కళ్లెర్రజేస్తాడు. ఇంట్లోవాళ్లు దాని మీద ముందు క్యాలెండరు తగిలిస్తారు, తర్వాత అద్దం, ఆపైన బీరువా అడ్డం పెడతారు. ఆఖరికి సామానంతా ఆ గోడకే చేరి, మనుషులు వరండాలో పడుకుంటారు. అచ్చం మా మామగారేనని కోడళ్లు షాపుకొచ్చి మరీ చెప్పి పోయారు.

లెక్చరరమ్మ మాత్రం నవ్వలేదు. చదివి చదివి ఒక పత్రికకు పెద్ద వ్యాసం రాసింది. ఆ పెద్దాయన మాటతీరు రేడియోలో రోజూ వినబడే ఏలినవారి ప్రసంగాలదేనని, వరండాలో పడుకున్నవాళ్లు దేశం విడిచిపోయినవాళ్లేనని, వాక్యం వాక్యం విప్పి చూపించింది. అచ్చయిన పత్రిక తనే తీసుకెళ్లి పిన్ని చేతిలో పెట్టింది. మెచ్చుకుంటుందనుకుంది.

పిన్ని నిలబడే చదివింది. చదవడం అయ్యాక షాపు షట్టరు సగానికి దించింది.

"నేను అన్ని బీరువాలు అడ్డం పెట్టింది ఎందుకనుకున్నావే?" అంది మెల్లగా. "నువ్వొచ్చి ఒక్కొక్కటే జరిపేశావు."

కొన్నాళ్లు ఏమీ జరగలేదు. పత్రిక తర్వాతి సంచిక మాత్రం రాలేదు. మామగారి కబుర్లు చెప్పిన కోడళ్లు తలెత్తకుండా మందులు పుచ్చుకుని వెళ్లిపోతున్నారు. పలకరిస్తే ఇంట్లో పనుందంటున్నారు.

ఒకరోజు కాలేజీకి ఇస్త్రీ చొక్కా యువకుడొకడు వచ్చాడు. ఆమె పాత శిష్యుడే. ముందు బెంచీలో కూర్చుని, చెప్పిన ప్రతి మాటా రాసుకునేవాడు. గుర్తుపట్టి సంబరపడింది. పుస్తకాలు తనిఖీ చేసే ఆఫీసులో అధికారినయ్యానని చెప్పాడు. సంచిలోంచి ఆమె వ్యాసం తీశాడు. ఆమె నేర్పినట్టే, ముఖ్యమైన చోటల్లా పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసి ఉన్నాయి. ఆ కథను తమ ఆఫీసులో అందరూ చదివి నవ్వుకుని వదిలేశారట.

"మీరు రాయకపోతే మాకు అర్థమయ్యేది కాదు మేడమ్," అన్నాడు వినయంగా.

ఆమె వెంటనే, తొందరపడి రాశానని, మళ్లీ సరిగ్గా రాసిస్తానని అంది. తప్పకుండా రాయమని, తనే వచ్చి తీసుకుంటానని చెప్పి వెళ్లాడు.

ఆమె రెండో వ్యాసం రాసింది. గోడ అంటే గోడేనని, పెద్దాయన వట్టి మామగారేనని, విమర్శకులు గోరంతను కొండంత చేస్తారని రాసింది. అన్నేళ్లుగా కనబడినదాన్ని కనబడిందని రాసిన చెయ్యి, ప్రతి పేరాకీ తడబడింది. శిష్యుడు ఖాళీ క్లాసులో పాత బెంచీ మీదే కూర్చుని నిదానంగా చదివాడు.

"భాష బాగుంది మేడమ్. కానీ మొదటి వ్యాసంలో ప్రతి మాటకీ కథలోంచి ఒక వాక్యం చూపించారు. ఇందులో ఒక్కటీ లేదు. ఆధారం చూపించని మాట నమ్మొద్దని మీరే చెప్పారు కదా?"

అందులో వెటకారం లేదు. మంచి విద్యార్థి సందేహం అడిగినట్టే అడిగాడు. ఆమెను భయపెట్టింది అదే.

మర్నాడు షాపుకు తాళం ఉంది. పిన్నిని పొద్దున్నే జీపెక్కించుకుపోయారని, చెప్పులు కూడా వేసుకోనివ్వలేదని పక్కనున్న వాచీలు బాగుచేసే ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

ఆమె పరుగున ఆ ఆఫీసుకు వెళ్లింది. శిష్యుడు లేచి నిలబడి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. బల్ల మీద పుస్తకాల దొంతర ఉంది. వాటిని చదివి, మొదటి వ్యాసం రాసినట్టే రాసిస్తే చాలన్నాడు. పిన్నిగారి సంగతి తను చూసుకుంటానన్నాడు.

ఆమె అప్రయత్నంగా పైపుస్తకం తెరిచింది. ఎవరో కొత్త కుర్రాడి కవితలు. రెండు పంక్తులు చదివేసరికి అతను ఏం దాచాడో, ఎక్కడ దాచాడో కళ్లకు కట్టింది. జీవితంలో మొదటిసారి తన కళ్లంటే తనకే హడలు పుట్టింది. పుస్తకం మూసేసింది.

"నాకు చదవడం రాదు బాబూ," అంది.

"అలాగేనండి," అని అతను టీ కప్పు తీయించేశాడు.

ఆమె ఉద్యోగం పోయింది. పిన్ని వానలు వెలిశాక ఇంటికొచ్చింది, సగానికి సగమై. షాపు తెరిచింది గానీ కాగితం ముట్టుకోలేదు. అక్క కూతురిని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెను దహించింది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, అక్కడ ఏం చేశారు పిన్నీ అని అడిగింది.

"గోడంటే ఏమిటని అడిగేవాళ్లు. గోడేనండీ అనేదాన్ని. అప్పుడు నీ వ్యాసం చదివి వినిపించేవాళ్లు," అంది పిన్ని మాత్రలు లెక్కపెడుతూ. "ఎంత బాగా రాశావే. వినగా వినగా, నేను ఇంత తెలివిగా రాశానా అనిపించింది."

ఆగిపోయిన పత్రిక కొత్త సంపాదకుడితో మళ్లీ మొదలైంది. తపాలా మనిషి ఒక ప్రతిని షాపులో ఇచ్చిపోయాడు. అందులో కాలేజీలో ఇప్పుడు ఆమె స్థానంలో పాఠాలు చెబుతున్న మాస్టారు రాసిన వ్యాసం ఉంది. దాని విషయం ఆమే. ఇన్నేళ్లుగా ఆమె రాసినవన్నీ ముందేసుకుని, ఆమె ఏ రచయితను ఎందుకు మెచ్చిందో, ఏ మాట అనబోయి ఎక్కడ ఆగిందో విప్పి చూపించాడు. ప్రతి మాటకీ ఆమె వాక్యమే ఆధారం.

ఏం రాశాడే అని పిన్ని అడిగింది.

"ఎక్కడా తప్పు లేదు పిన్నీ," అందామె.

పిన్ని మాత్రల డబ్బా మూత పెట్టింది. లోపలి గదిలోకి వెళ్లి ఒక సంచి దులిపి తెచ్చింది. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, కొన్ని జ్వరం మాత్రలు పెట్టింది.

"చెప్పులు ఇప్పటినుంచే వేసుకుని ఉండు," అంది.