ఇరవై మార్కుల గిరాకీ

నేను కొత్త బట్టలు కుట్టను. ఎవరో కుట్టినవి విప్పి మళ్ళీ కుడతాను. నడుం దగ్గర వదులు చేయడం, పొడుగైన అంచులు మడవడం, జిప్పులు మార్చడం, చిరిగినచోట కనబడకుండా రఫ్ఫు చేయడం, ఇదీ నా పని. మెట్లకింద చిన్న గది, ఒక మిషను, ఒక బల్ల, బట్టలు మార్చుకోవడానికి ఒక తెర. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే కూర్చుని నేను కనిపెట్టిన సత్యం ఒక్కటే. మా ఊళ్ళో మనుషులు లావెక్కరు. బట్టలే ముడుచుకుపోతాయి.

"ఒక్కసారి ఉతికానంతే, ఇలా అయిపోయిందమ్మా" అంటారు.

"ఈ మధ్య వచ్చే బట్టలు అలాగే ఏడుస్తున్నాయి లెండి" అంటాను.

టేపు చుట్టి అంకె చూస్తాను, చీటీ మీద రాసుకుంటాను, పైకి చదవను. పని అయ్యాక చీటీ చింపేస్తాను. అది నా నియమం. పక్క వీధిలో నాకంటే బాగా కుట్టేవాడు ఒకడుండేవాడు. చెయ్యి మంచిదే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరి నడుం సంగతి ఇంకొకరికి చెప్పి నవ్వించేవాడు. ఏడాది తిరక్కుండా దుకాణానికి తాళం పడింది. ఇంత తెలిసినదాన్ని, నేను కూడా ఓ ఘనకార్యం చేశాను. అదే చెప్పబోతున్నాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ ఏడు వాళ్ళ బడిలో వ్యాపారం క్లాసు కొత్తగా పెట్టారు. చేరినరోజే రెండు పేజీల కాగితం తెచ్చింది. పైన "ఈ తరగతిలో మీ నుంచి ఆశించేవి" అని ఉంది. సమయానికి రావాలి. నోటుపుస్తకం విడిగా పెట్టాలి. ఫోను సంచిలోంచి తీయకూడదు. ఆలస్యంగా ఇచ్చిన పనికి మార్కులుండవు. ఆధారం లేని మాటకు మార్కులుండవు. కింద తల్లిదండ్రుల సంతకం. పెళ్ళినాడు కూడా నాకెవరూ ఇన్ని షరతులు పెట్టలేదు. మొదటి పేజీ చదివేసరికే ఓపిక అయిపోయి, రెండోది తిప్పకుండా సంతకం పెట్టేశాను.

వారం తిరిగేసరికి ఇల్లు కంపెనీ అయిపోయింది. కూర మాడితే నాణ్యత లోపమట. వాళ్ళ నాన్న మంచినీళ్ళడిగితే సరఫరాలో జాప్యమట. ఆయన విసుగొచ్చి దానికి మేనేజరమ్మ అని పేరు పెట్టాడు. ఒకరోజు పొద్దున్నే పాఠం వల్లిస్తోంది.

"పెట్టుబడి, రాబడి, దిగుబడి..."

"అన్నీ బడులే" అన్నాను. "అసలు బడికి మాత్రం నువ్వు రోజూ వెనకబడి."

ఎనిమిదిన్నరకు గంట కొడితే ఎనిమిదీ ఇరవైకి దువ్వెన వెతుక్కునే రకం. నేను ఎగతాళి చేస్తాను గానీ, లోపల మాత్రం సంబరంగానే ఉండేది. నలుగురిలో నోరు విప్పని పిల్ల, ఈ క్లాసు నుంచి వచ్చిన రోజున ఆగకుండా మాట్లాడేది. అరవై మార్కులు వస్తేనే వచ్చే ఏడు రెండో భాగంలో చేర్చుకుంటారట. పరీక్షలన్నీ కలిపి దీనికి నలభై ఒకటి వచ్చాయి. ప్రాజెక్టుకి ఇంకో నలభై ఉన్నాయి. అందులో సగం, అంటే ఇరవై, గిరాకీకే.

"ఏదైనా చిన్న వ్యాపారం తీసుకుని వారం రోజులు గిరాకీని లోతుగా పరిశీలించమన్నారమ్మా. నేను మన దుకాణం తీసుకున్నా" అంది.

వాళ్ళ పుస్తకంలో గిరాకీ అంటే ఎంత పని వస్తోంది, ఏ రోజు ఎక్కువ వస్తోంది అన్న లెక్క. నాకేం తెలుసు? మా దుకాణాల భాషలో గిరాకీ అంటే తలుపు తోసుకుని లోపలికొచ్చే మనిషి.

"గిరాకీల గురించి నాకంటే లోతుగా ఎవరికి తెలుసే! రాసుకో" అన్నాను.

రోజూ సాయంత్రం షట్టరు సగం దించి, నేను బట్టలు మడతపెడుతూ చెప్పేదాన్ని. అది బల్లకి ఆ చివర కూర్చుని రాసుకునేది. బస్సు డ్రైవరు ఈ ఏడాదిలో మూడోసారి పాంటు వదులు చేయించాడు. ఆయన లెక్కన బస్సు సీటు కూడా ముడుచుకుపోతోంది. మా అమ్మాయి బడి పెద్ద టీచరమ్మ కోటుకి గుండీలు ఇప్పటికి మూడుసార్లు జరిపాను. ఇంకోసారి జరిపితే చంకలోకి పోతాయి. ఇరవై ఏళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా వరద గేట్లు ఎత్తినట్టు బయటికొచ్చేసింది. చదువు కోసం కదా, అది ఇంట్లో చెప్పినట్టే కదా అనుకున్నాను.

నాలుగో రోజున బ్యాగు ఆయన సంగతి చెప్పాను. ఎప్పుడూ భుజాన ఆఫీసు బ్యాగుతో వస్తాడు కాబట్టి మేమలా పిలుస్తాం. ఆయన పాంటు మోకాలి దగ్గర అరిగి చిల్లుపడింది. తెర వెనకనుంచి అది నా చేతికిస్తూ, గొంతు తగ్గించి అన్నాడు.

"ఉద్యోగం పోయి రెండు నెలలైందమ్మా. ఇంట్లో ఇంకా చెప్పలేదు. రోజూ పొద్దున్నే తయారై లైబ్రరీకి వెళ్ళి, అక్కడినుంచే ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకుంటున్నా. దొరగ్గానే చెప్తా. అందాకా ఈ రఫ్ఫు ఎవరికీ కనబడకూడదు."

ఇదీ చెప్పేశాను. మా అమ్మాయి తల ఎత్తి ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.

"రాశావా?" అన్నాను.

"ఊఁ" అంది.

ఆ తర్వాతి వారం బడినుంచి పిలుపొచ్చింది. పిల్లలు తమ ప్రాజెక్టుల గురించి తల్లిదండ్రుల ముందు చెప్తారట. ఆ ముక్క రెండో పేజీలో ఉందని నాకప్పుడు తెలిసింది. అయినా బుర్ర వెలగలేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, కూతురు స్టేజీ ఎక్కుతోందన్న సంబరంతో వెళ్ళాను.

హాల్లో కూర్చుని ఒకసారి చుట్టూ చూశాను. మొదటి వరసలో నా గుండీల కోటు వేసుకుని పెద్ద టీచరమ్మ. నడవ పక్కన బస్సు డ్రైవరు. వెనక బేకరీ ఆయన, బ్యాంకు ఆవిడ. మొహాలకంటే ముందు నాకు కుట్లు గుర్తొస్తాయి. ఆ హాల్లో సగం నడుములు నేను వదులు చేసినవే. అప్పుడు పడింది గుండెల్లో రాయి. ఈ పిల్ల నోటుపుస్తకం పట్టుకుని అదంతా వీళ్ళ మధ్యలో చదవబోతోంది!

వ్యాపారం మాస్టారు కుర్రవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మార్కుల కాగితం. పాంటు అంచులు ఒక అంగుళం పొడుగు. ముందుగా ఒకబ్బాయి వాళ్ళ మామయ్య సైకిల్ షాపు గురించి చెప్పాడు. ఆధారంగా ముగ్గురి పేర్లు, వాళ్ళు చేయించుకున్న పనులు చదివాడు. వాళ్ళలో ఒకాయన కూర్చున్నచోటనుంచే చెయ్యి ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పంక్చరు దాచుకునే విషయం కాదు కదా.

తర్వాత మా అమ్మాయిని పిలిచారు. నేను గట్టిగా దగ్గాను. నోటిమీద వేలు పెట్టుకున్నాను. అది నావైపు చూడలేదు. మళ్ళీ దగ్గాను. పక్కావిడ జాలిపడి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

"మీరు మెట్లకింద దుకాణం ఆవిడ కదూ? మావారి పాంటు భలే చేశారండీ, ఎంత వెతికినా రఫ్ఫు ఎక్కడుందో కనబడలేదు. ఆఫీసులో రోజంతా తిప్పుతున్నారట, మోకాళ్ళ దగ్గరే అరిగిపోతున్నాయి పాపం. అదిగో, ఇందాక సైకిళ్ళ గురించి చెప్పింది మా అబ్బాయే" అంది.

బ్యాగు ఆయన భార్య! భూమి నిలువునా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. నా దుకాణం పోతే పోయింది. ఈవిడ ఇంటి సంగతి ఈవిడకి వందమంది మధ్యలో, మా పిల్ల నోటినుంచి తెలియడమా! లేచి వెళ్ళి ఆ నోటుపుస్తకం లాక్కోవాలనుకున్నాను.

అప్పటికే మా అమ్మాయి పుస్తకం తెరిచింది.

"మా వ్యాపారం బట్టలు సరిచేయడం. వారంలో ఇరవై మూడు పనులు వచ్చాయి. సోమవారం ఎక్కువ, శుక్రవారం తక్కువ" అని ఆగింది.

"బాగుంది. ఆధారం?" అన్నారు మాస్టారు. "ముగ్గురి పేర్లు, వాళ్ళు చేయించుకున్న పని చెప్పు."

హాలు ఒక్కసారిగా చల్లబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇక్కడొకరు అక్కడొకరు బెల్టులు తడుముకున్నారు. పెద్ద టీచరమ్మ కోటు ముందుకు లాక్కుంది.

"చెప్పను సార్" అంది మా అమ్మాయి.

"ఆధారం లేకపోతే ఇరవై మార్కులూ పోతాయి. కాగితంలో రాశాం. మీ అమ్మగారు సంతకం కూడా పెట్టారు."

"తెలుసు సార్. పుస్తకంలో గిరాకీ అంటే అంకె. అది చెప్పాను. మా దుకాణంలో గిరాకీ అంటే మనిషి. మనిషిని చెప్పను." నోటుపుస్తకం మూసేసింది. "చేతిలో కత్తెర ఉన్న ఎవరైనా కుట్లు విప్పగలరు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు అమ్మ ఎవరికీ చెప్పదని వస్తారు. నేను ఇప్పుడు చెప్తే, రేపటినుంచి మీకు చెప్పడానికి గిరాకీయే ఉండదు సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత హాలంతా ఊపిరి వదిలింది. ఎన్ని పొట్టలు ఒక్కసారిగా వదులయ్యాయో, వాటి కొలతలెంతో నాకు తెలుసు. బస్సు డ్రైవరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పక్కావిడ కూడా కొట్టింది. మాస్టారు మాత్రం మొహంలో ఏమీ కనబడనీకుండా కాగితం మీద సున్నా వేశారు. నాకు ఆ దూరంనుంచి కూడా కనబడింది.

దారి పొడుగునా నాకు తల కొట్టేసినట్టుంది. ఇరవై ఏళ్ళు మూసుకున్న నోరు నేను బడి పేరు వినగానే తెరిచాను. నలుగురిలో నోరు విప్పని పిల్ల, వచ్చినవాళ్ళ గుట్టు దాచడానికే నోరు విప్పింది. ఆ మాట దాంతో ఎలా అనాలో నాకు తెలియలేదు.

రెండు రోజులకి నోటుపుస్తకం తిరిగొచ్చింది. అది బడినుంచి రాగానే పుస్తకం బల్లమీద పడేసి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. దానిలో నేను చెప్పిన కథలున్న పేజీలు చింపేద్దామని తెరిచాను. కథలు లేవు. రోజుకో అంకె ఉంది, అంతే. నేను చెప్తున్నంతసేపూ ఆ పిల్ల లెక్కల హోంవర్కు చేసుకున్నట్టుంది.

ఇంకో పేజీ తిప్పాను. ఎర్ర సిరాలో గిరాకీకి సున్నా. మాట్లాడిన తీరుకి పదికి తొమ్మిది, "ఎదురు చెప్పినందుకు ఒకటి తగ్గించాను" అని పక్కన రాసి ఉంది. ఆ కింద ప్రశ్న: ఈ వ్యాపారానికి ఉన్న ప్రధాన ప్రమాదం ఏమిటి?

మా అమ్మాయి కోడిగీతల్లో జవాబు రాసింది.

"యజమాని. ఎవరి మాటా ఎవరికీ చెప్పదు. కానీ కూతురి చదువు అంటే ముందూ వెనకా చూసుకోదు. ఈ వారం నాకు అన్నీ చెప్పేసింది. నియమం తప్పుతున్నట్టు ఆమెకే తెలియలేదు. నేను రాయలేదు. నివారణ: ఈ సంగతి ఆమెకు తెలియనివ్వకూడదు. తెలిస్తే చాలా సిగ్గుపడుతుంది. నేను జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది."

పక్కన పదికి పది.

నలభై ఒకటీ పదీ తొమ్మిదీ వేళ్ళమీద కూడుకున్నాను. సరిగ్గా అరవై. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో చెప్పలేను. ఆ పిల్ల మీద ఎంత ప్రేమ పొంగిందంటే, పిలిచి గుండెకి హత్తుకుని, నీ చేత ఇది చేయించినందుకు క్షమించవే అని చెప్పాలనిపించింది.

తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, బల్లమీద పుస్తకం, నా చెయ్యి, నా కళ్ళు చూసింది. దాని మొహం పాలిపోయింది.

"చదివావా అమ్మా?"

"చదివే తీరిక ఎక్కడిదే? ఎన్నొచ్చాయో చూశానంతే" అని పుస్తకం మూసి దాని చేతికిచ్చాను.