జానెడు జరిగిన కొమ్మ

చైత్రమాసము ముగియవచ్చెను. అండమాను ద్వీపముల చుట్టును పడమటిగాలి యింకను మేల్కొనకుండ నిర్మేఘాకాశమధ్యమున భానుడు నిప్పులు చెరుగుచుండ నిస్తరంగనీలమై నిలిచిన సముద్రము పొయ్యిమీద మరచిన యెసరువలె నూరక కాగుచుండెను.

ఆ నీటియందు రెండు నిలువుల లోతున నొక పగడపుదిబ్బ గలదు. నానావర్ణశాఖాశోభితమై చిత్రమత్స్యకులములకు పుట్టినిల్లై విలసిల్లు దానిని సముద్రజీవశాస్త్రపారంగతయగు హైమవతి పండ్రెండేండ్లుగా కొలుచుచుండెను. కొమ్మకొమ్మకును సంఖ్య నిచ్చి యెవ్వరి చేయియు సోకనీయక కాపాడుచుండెను. తాకక చూచినప్పుడే ప్రకృతి నిజము చెప్పునని యామె నమ్మిక. కన్నబిడ్డనైనను అన్ని మారులు కొలిచిన తల్లి యుండదు.

ఆమెను పడవపై గొనిపోవువాడు సూరాడ ఎర్రయ్య. బాల్యమున తండ్రివెంట శ్రీకాకుళపు తీరమునుండి వలసవచ్చిన వృద్ధధీవరుడు. ఉష్ణమాపకము చెప్పకమునుపే నీట చేయి ముంచి కీడు గుర్తించువాడు. ఒకనాటి యుదయమున నాతడు తడిచేయి వెలికి దీసి భయపడెను.

"అమ్మా, నీరు కాగిపోతంది. నాలుగు కొమ్మలు ఇరిసి అవతల సల్లని లోతులోకి దించీమంటావా? ఇత్తనానికైనా మిగుల్తాయి."

"వద్దు తాతా. ఒక్క కొమ్మ కదిపినా పన్నెండేళ్ల కొలతలు చెడిపోతాయి. ఇంకో పదిహేనురోజులు చూద్దాం."

నాలుగుదినములు గడచిన పిమ్మట కొలువబోయిన హైమవతికి పదునేడవ కొమ్మ తన చోటు విడిచి జానెడు జరిగియుండుట కనబడెను. మచ్చలేని గ్రంథమునకు మచ్చ వచ్చెనని మిక్కిలి నొచ్చుకొని 'ప్రవాహవేగమున జరిగినది' అని వ్రాసికొనెను.

పగడపు దేహమునందు వసించి దానికి అన్నము పెట్టు సూక్ష్మసస్యములు వేడికి తాళజాలక వెడలిపోవును. అన్నము లేని పగడము రంగు విడిచి ఎముకవలె తెల్లబడును. వైశాఖమున ఆ దిబ్బ యంతయు నట్లే తెల్లబడెను. పిదప దానిపై పాచి పట్టెను. చేపలు పోయెను. జ్యేష్ఠమున వాన కురిసి నీరు చల్లబడెను గాని చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని యేమి లాభము?

కడపటి కొలత ముగించి పడవ యెక్కిన హైమవతి పుస్తకము నొడిలో బెట్టుకొని వెక్కి వెక్కి యేడ్చెను.

"నీ మాట వినవలసింది తాతా. నేనే చంపుకున్నాను."

ఎర్రయ్య తెడ్డు నిలిపి యామె వైపు తిరిగెను.

"నీకు సెప్పకుండా ఓ పాలి దిగినానమ్మా. పదేడో కొమ్మ పెకలించి లోతుకేసి బయలెల్లినాను. నాలుగు బారలు పోయీసరికి నీ మాట మతికొచ్చింది. సదువుకున్న తల్లి ఊరికే సెప్పదు గదా అని ఎనక్కి తెచ్చి ఎట్టీసినాను. సరిగ్గా ఆ సోటికి రాలేదు కావాల."

హైమవతి పుట తెరచి తాను వ్రాసిన వాక్యము చదివెను. దిద్దబోయెను. వానచినుకులు పడి సిరా చెదరుచుండగా కలము కదలలేదు.

పండ్రెండేండ్లలో ఆ దిబ్బను బ్రతికింపబోయిన చేయి అదియొక్కటియే. అది చేయబోయిన మేలు ఆమె గ్రంథమున జానెడు దోషముగా నిలిచిపోయెను.