మేకులత్తయ్య మాటలు

పొద్దున్నే షట్టరు పైకి లేపి, బల్ల వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుందంటే మధ్యాహ్నం దాకా మేకులత్తయ్యకు తల తిప్పుకునే తీరిక ఉండేది కాదు. ఇనప సామాన్ల కొట్టు ఆమెది. వీధిలో ఆమె కంటే పెద్దవాళ్లు కూడా ఆమెను మేకులత్తయ్య అనే పిలిచేవాళ్లు.

వచ్చేవాళ్లలో సగంమందికి ఏం కావాలో తెలుసు గానీ, దాన్నేమంటారో తెలియదు.

"అదే అత్తయ్యా, కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా పెడతారు చూడు, వంకరగా..."

"కొక్కెం," అనేది ఆమె, చెయ్యి అప్పటికే డబ్బాలో పెట్టి. "వంకర గింకర కాదు. కొక్కెం అని అడుగు, ఏ కొట్లోనైనా ఇస్తారు."

ఒకరోజు మొహం కడుక్కుంటుంటే మేకులత్తయ్యకు కుడి చెయ్యి మొద్దుబారింది, మనిషి నేల మీదికి జారిపోయింది. ఆసుపత్రిలో కొన్నాళ్లుండి ఇంటికొచ్చేసరికి చెయ్యి కుదుటపడింది, నడకా కుదుటపడింది. పేర్లు మాత్రం పోయాయి.

"దాన్ని తీసి దాంతో దానికి బిగించు," అంది కూతురితో. కూతురు అటూ ఇటూ చూసి మంచినీళ్ల గ్లాసు అందించింది. మేకులత్తయ్య దాన్ని విసిరికొట్టబోయి, ఎలాగో తమాయించుకుని తాగింది. తియ్యడం, బిగించడం, వంచడం, మూయడం, చేసే పనులన్నీ నాలుక మీదే ఉన్నాయి. తో, కి, లో, నుంచి అని అతికించేవీ ఉన్నాయి. వేటిని అతికించాలో అవే లేవు. కొట్లో డబ్బాలన్నీ నిండుగా ఉన్నాయి, నోరు ఖాళీగా ఉంది.

డాక్టరు మందులు రాసిచ్చాడు.

"మాటలు ఎక్కువ దూరం పోవమ్మా. మీ చుట్టుపక్కల వాళ్ల నోళ్లలోనే పడి ఉంటాయి. వాళ్లు అనగానే, అదేదో చేత్తో పట్టుకుని మీరూ అనండి. మీకొచ్చేస్తుంది. ఉప్పు తగ్గించండి."

కూతురు బస్సు డిపోలో టికెట్ల పని చేస్తుంది. సాయంత్రం వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"ఇంక చాల్లే అమ్మా, కొట్టు మూసేద్దాం. మందుల షాపు పెట్టుకుంటానని ఒకాయన అడుగుతున్నాడు. చూసి పొమ్మన్నాను."

"మూయను."

"పేర్లు తెలియకుండా ఏం అమ్ముతావే?"

"తెచ్చుకుంటాను."

మర్నాడు కొట్లో ఉన్నవాటిలో చేతికందినవన్నీ గుడ్డ సంచిలో వేసుకుని, గలగలమంటూ వీధిలో పడింది. సెలూన్‌లో గడ్డం గీస్తున్నతను కస్టమరుతో "తల కాస్త బోల్టు ఇటు తిప్పండి" అని, తనే నాలిక్కరుచుకున్నాడు.

"చూశావా అత్తయ్యా! నువ్వు ఆసుపత్రికి పోయిన దగ్గర్నుంచీ ఇదే గోల. నీదేనా?"

ఆమె సంచిలోంచి ఒక గుండ్రటిది తీసి "బోల్టు" అంది. నోట్లో డొల్లగా మోగింది. ఇంకోటి తీసి అంది. అదీ కాదు. పొడవుగా, ఒంటి నిండా మరలున్నది తీసి "బోల్టు" అనేసరికి ఆ మాట వెళ్లి సరిగ్గా దాని చోట్లో బిగుసుకుంది. సెలూనతను "తల కాస్త ఇటు తిప్పండి" అని, ఇంకోసారి అని చూసుకుని, హమ్మయ్య అనుకున్నాడు.

పాలావిడ దగ్గర గడియ దొరికింది. ట్యూషన్ మేష్టారి దగ్గర సుత్తీ పట్టకారూ దొరికాయి. సుత్తి ఇచ్చేశాడు గానీ పట్టకారు దగ్గర నసిగాడు.

"ఇంత గట్టిగా పట్టుకునే మాట నా దగ్గర ఇంకోటి లేదండీ. ఉంచుకోకూడదా?"

"మీకు దేనికి మేష్టారూ? నాకు అన్నం పెట్టేది అది," అంది. లాక్కున్నట్టే తెచ్చుకుంది.

అన్నీ సంచిలో పట్టేవి కావు. పోస్టుమాన్ నోట్లో 'రేపు' పడి ఉంది. గుమ్మంగుమ్మానికీ రేపు ఉత్తరం, రేపు పార్సిలు అంటుంటే జనం తిట్టిపోస్తున్నారు. రేపుని చేత్తో పట్టుకోవడం ఎలా? మేకులత్తయ్య వీధి మధ్యలో నిలబడి ఆలోచించింది. తిన్నగా పోయి షట్టరు సగం లేపి, తాళం కోసం వచ్చి తిరిగిపోతున్న మనిషిని కేకేసి ఆపింది.

"రేపు రా. ఉంటాను."

అనగానే అది ఆమెదైపోయింది.

కొన్ని దొరకలేదు. గోడలకు రంగులేసేవాడు ఏదో మాట నోట్లో పెట్టుకునే వేరే ఊరు పనికి పోయాడు. పోతే పోనీ అనుకుంది. మాటలు వెనక్కొస్తున్న కొద్దీ ఆమె నడక జోరందుకుంది. డాక్టరు మళ్లీ చూసినప్పుడు తెగ మెచ్చుకున్నాడు.

"ఇప్పుడు వరసలు చెప్పండి, చూద్దాం."

"అమ్మ, నాన్న, కూతురు, అల్లుడు, మనవరాలు..."

"మీ అమ్మగారికి ఇంకో ఆడపిల్ల ఉంటే, మీ తర్వాత పుట్టింది, మీకేమవుతుంది?"

మేకులత్తయ్య నోరు తెరిచింది. ఏమీ రాలేదు. కూతురు కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

దారిలో కూతురే అంది. "అది ఎవరి దగ్గరుంటుందో తెలుసుగా. ఆ ఒక్కటీ లేకపోతే ఏమవుతుందిలే అమ్మా. ఇన్నేళ్లు వాడావా?"

"నాది. నాకు కావాలి."

వీధి చివర పుస్తకాలు బైండింగు చేసే ఆవిడ ఉంది. నాన్న చనిపోయిన ఏడాది నుంచి ఆ గడప మేకులత్తయ్య తొక్కలేదు. ఆవిడ చాలా తక్కువ మాట్లాడుతుందని వీధిలో పేరు. ఎప్పుడు చూసినా కుట్టే దారం పళ్ల మధ్య బిగించి ఉంటుంది.

"నీ దగ్గరుంది," అంది మేకులత్తయ్య గుమ్మంలో నిలబడి.

ఆవిడ నోట్లోంచి దారం తీసింది. "ఉంది."

"ఇచ్చెయ్."

"నువ్వు పడిపోయిన రోజు వచ్చింది కాదది. నాన్న పోయాక, కొట్లో నాకూ ఇంత చోటివ్వమంటే అందరి ముందూ ఏమన్నావు? 'అడగడానికి నువ్వెవరు' అన్నావు. ఆ సాయంత్రమే వచ్చి పడింది నా నోట్లో. ఎక్కడ బయటికొస్తుందోనని అప్పట్నుంచీ పళ్లు బిగించుకునే ఉన్నాను." అతుకుతున్న అట్ట పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పు. నేనెవర్ని?"

మేకులత్తయ్య సంచి కింద పెట్టింది. అందులో ఈవిడకు సరిపోయేది ఏదీ లేదు. వెనక్కి తిరిగి పోవచ్చు. ఆమె మెట్టు మీద కూర్చుంది.

"నా తర్వాత పుట్టావు. నేను ఎత్తుకుని తిరిగాను. నాకు చాలనివన్నీ నువ్వు తొడుక్కున్నావు. అమ్మ కొట్టబోతే నా వెనక దాక్కున్నావు. నేను ఏడిస్తే, ఎందుకో తెలియకపోయినా నువ్వూ ఏడ్చావు." ఊపిరి పీల్చుకుంది. "ఆ రోజు నేనన్నది తప్పు. నీకూ చోటుండాలి. అది తెలిసే అన్నాను. నువ్వొస్తే నాన్న నాకు ఒక్కదానికే ఇచ్చినట్టుండదని అన్నాను."

ఆవిడ చేతిలోని దారాన్ని ముద్దచేసి విసిరింది.

"ఇవన్నీ ఎవరడిగారు నిన్ను? ఇన్ని తెలిసినదానివి, చెల్లెలివని ఒక్కసారి..."

అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేకులత్తయ్య ఆ చేతినే మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది.

"చెల్లెలివి. నా చెల్లెలివి నువ్వు."

మాట వచ్చేసింది. మేకులత్తయ్య ఆ చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత చెల్లెలు తెగ మాట్లాడింది. కూడబెట్టుకున్నవన్నీ, తిట్లతో సహా. మేకులత్తయ్య అన్నీ వింది.

మందుల షాపాయన వచ్చేసరికి బల్ల వెనక ఇద్దరున్నారు. అక్క డబ్బాలు సర్దుతోంది, చెల్లెలు స్టూలు మీద కూర్చుంది. ఆయన టేపు పట్టుకుని గోడ ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచాడు. కూతురు తలుపు దగ్గర నిలబడి ఎవరి మొహమూ చూడలేకపోతోంది.

"ఎప్పుడు ఖాళీ చేస్తారమ్మా?" అన్నాడాయన మేకులత్తయ్యతో.

ఆమె డబ్బాలోంచి తలెత్తలేదు.

"మా చెల్లెల్ని అడగండి."

చెల్లెలు స్టూలు దిగింది. అక్క వైపు ఒకసారి చూసింది. ఆయన చేతిలోంచి టేపు తీసుకుని, చుట్టి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"ఖాళీ చెయ్యడం లేదండీ. మీరు ఇంకోచోట చూసుకోండి. అక్కడ అరలకి మేకులు కావాలంటే మాత్రం మా కొట్టుకే రండి."