చెన్నకేశవులు గారి ఈత

నేను ఒక మనిషి బరువును నీళ్ల మీద నిలబెట్టడానికి పుట్టిన లైఫ్ జాకెట్‌ను. పైన నారింజ రంగు గుడ్డ, లోపల ఫోమ్, ముందు మూడు బకిల్స్. ఫ్యాక్టరీలో నన్ను కుట్టినామె వీపు మీద 'ఎక్స్ఎల్' అని ముద్ర వేసింది. దాంతో దాండేలి దగ్గర కాళీ నదిలో రాఫ్టింగ్‌కు వచ్చే పొట్టరాయుళ్లంతా నా వంతుకే వచ్చారు. ఆఫీసర్లు, కొత్త పెళ్లికొడుకులు, ఒక యోగా మాస్టారు. అందరి గుండె చప్పుడూ విన్నాను. ఒడ్డున ఎక్కువ నవ్వేవాళ్లదే ఎక్కువ కొట్టుకుంటుంది.

పోయిన డిసెంబరులో ఆదోని నుంచి బట్టల దుకాణం చెన్నకేశవులు గారు సకుటుంబంగా వచ్చారు. భార్య ఇందుమతి, పదమూడేళ్ల కూతురు చైత్ర, పదేళ్ల కొడుకు ధ్రువ. నీళ్ల హోరు వినగానే ధ్రువ రాఫ్ట్ ఎక్కనని మొండికేశాడు.

"తుంగభద్రను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినోన్ని రా నేను. నువ్వు పడితే దూకి తెచ్చుకుంటా" అన్నారు తండ్రి.

అప్పటికే నన్ను తొడుక్కున్నారు కాబట్టి, ఆ మాటంటున్నప్పుడు ఆయన గుండె ఎంత పరుగెత్తిందో నాకు తెలుసు. కొడుక్కు తెలియదు. నమ్మి ఎక్కేశాడు. ఇందుమతి జుట్టు ముడి బిగించుకుని తెడ్డు అందుకుంది.

గైడ్ నింగప్ప జాగ్రత్తలు చెప్పాడు. ఎవరైనా నీళ్లలో పడితే చెయ్యి పట్టి లాగొద్దనీ, జాకెట్ భుజాల పట్టీలు పట్టుకోవాలనీ నేర్పాడు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. చెన్నకేశవులు గారు వినలేదు. తెడ్డు ఎలా పట్టుకోవాలో భార్యకు నేర్పుతున్నారు.

రెండు సుడులు సాఫీగా దాటేసరికి ఆయన గైడ్ ఉద్యోగం కూడా తీసుకున్నారు. మూడోచోట అందరూ కిందికి వంగాలని నింగప్ప కేకేస్తుంటే, చైత్ర సరిగ్గా వంగిందో లేదో చూడ్డానికి ఈయన లేచారు. రాఫ్ట్ ముక్కు పైకెగిరింది. మరుక్షణం మేమిద్దరం నీళ్లలో ఉన్నాం.

నేను ఆయన్ని పైకి తెచ్చాను. ఆయన మాత్రం రెండు చేతులతో నీళ్లను దొంగను కొట్టినట్టు కొట్టసాగారు. ఇంతలో రాఫ్ట్ పక్కకు వచ్చింది. ధ్రువ వంగి నా పట్టీలు రెండూ దొరకబుచ్చుకున్నాడు. తండ్రిని పైకి లాగే బలం వాడికెక్కడిది? అయినా వదల్లేదు. నింగప్ప వచ్చి ఈడ్చేదాకా వదల్లేదు.

ప్రవాహం నెమ్మదించాక వాడు అడిగాడు. "నాన్నా, నీకు ఈత రాదా?"

కాలు పట్టేసిందని చెప్పి తప్పించుకోవచ్చు. నేను చాలామంది నోట విన్న మాటే.

"రాదు నాయనా" అన్నారాయన.

"మరి నేను పడింటే?"

"దూకుతాంటి. ఇద్దరమూ మునుగుతాంటిమి."

ధ్రువ జరిగి తండ్రిని ఆనుకుని కూర్చున్నాడు.

నది మడుగులా నిలిచినచోట, కావాలంటే నీళ్లలోకి దిగొచ్చని నింగప్ప చెప్పాడు. ఆ మాట పూర్తి కాకముందే ఇందుమతి తెడ్డు కూతురి చేతికిచ్చి దూకింది. ఎదుటి బండదాకా ఈది, దాన్ని తాకి, తిరిగొచ్చింది. అందరూ నోళ్లు తెరిచారు. ఎప్పుడు నేర్చుకున్నావని చైత్ర అడిగింది. తన పుట్టిల్లు తుంగభద్ర ఒడ్డునే కదా, చిన్నప్పుడు రోజూ ఈదేదాన్నని చెప్పింది.

"పదిహేనేళ్లలో ఒక్కసారన్నా చెప్పకపోతివే" అన్నారు చెన్నకేశవులు గారు.

"నీ ఈత గురించి నువ్వు చెప్తాంటివి. నేను వింటాంటిని" అంది.

ఆయన ఎర్రబడ్డ ముఖంతో రాఫ్ట్ తాడు పట్టుకుని నీళ్లలోకి దిగారు. వెనకే ధ్రువ. ఇందుమతి ఒక్కో చెయ్యి ఒక్కొక్కరి పొట్ట కింద పెట్టి కాళ్లు ఆడించమంది. ఇద్దరు శిష్యుల్లో పెద్దాయనే ఎక్కువ నీళ్లు తాగారు. కాసేపటికి ఆమె మెల్లగా చెయ్యి తీసేసింది. ఆయన మునగలేదు.

"చూడు రా, ఈదుతాండా" అని కొడుకును పిలిచి చూపించుకున్నారు.

తేల్చుతున్నది నేనేనని ఇందుమతికి తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం చెప్పలేదు.