పసుపు కడాయి మీద విల్లు

ఫోన్ మోగేసరికి పూజ రెండు చేతులకూ పసుపు బురద. భర్త నరేశే ఫోన్ ఎత్తి ఆమె చెవి దగ్గర పట్టాడు. ఆదివారం జగిత్యాలలో విలువిద్య పోటీ. చేత్తో చేసిన కర్ర విల్లుల విభాగంలో ఆమె పేరు ఖాయమైందట. సిరిసిల్లలో డిగ్రీ చదువుతూ నేర్చుకున్న విద్య, కోరుట్ల పక్కనున్న ఈ అత్తవారింటికి కూడా తన వెంట నడిచొచ్చిందని ఆమెకు గంతులేయాలనిపించింది. వేసింది కూడా. నరేశ్ చెంప నిండా పసుపు.

"ఆదివారమేనా?" అని మాత్రం అడిగి అత్త లక్ష్మవ్వ లోపలికి వెళ్లిపోయింది.

విల్లు తీసి తాడు ఎక్కించగానే పూజ సంబరం సగం చచ్చింది. పిడి నడిమి నుంచి పోవాల్సిన తాడు ఓ పక్కకు ఒరిగింది. కింది రెక్క, అంటే పిడికి దిగువనున్న సగం, మెలిపడింది. రెక్క వంకరైతే పోటీలో అడుగే పెట్టనివ్వరు. కొత్త విల్లు చెక్కే వ్యవధి లేదు.

మెలిక తీయాలంటే వేడి కావాలి. గ్యాస్ మంటకు కర్ర మాడుతుంది. ఆవిరికైతే లోపలిదాకా మెత్తబడుతుంది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆవిరికేం కొదవ? కల్లంలో ఉడుకుతున్న కడాయి మీద గోనెపట్టా కప్పి, రెక్కను దాని కిందికి దూర్చింది. మెత్తబడ్డాక తీసి, మెలికకు ఎదురు తిప్పి, తిన్నని పలకకు చీర పేలికలతో బిగించి కట్టింది. నీడలో బాగా ఆరేదాకా ఆ కట్లు విప్పకూడదు. పచ్చబడ్డ విల్లు అచ్చం తనలాగే కొత్త పెళ్లికూతురిలా ఉందని మురిసిపోతూ కొట్టుగదిలో పెట్టింది.

మర్నాడు సాయంత్రం చేను నుంచి వచ్చి చూసింది. కట్లు ఉన్నాయి గానీ ఆ ముడులు తనవి కావు. విప్పితే రెక్క మళ్లీ పక్కకే తిరిగి ఉంది.

ఎవరు? గెలిస్తే హైదరాబాద్ పట్టుకుపోతారని, అప్పుడు తనకు చాయ్ ఎవరు పోస్తారని నరేశ్ నిన్న వేళాకోళమాడాడు. ఆ మాట ఇప్పుడు వేళాకోళంలా వినిపించలేదు. అడిగితే అతను తెల్లబోయాడు. ఆ తెల్లబోవడం కూడా కాస్త ఎక్కువైందనిపించింది. ఇక అత్త అడిగిన ఆ ఒక్క ప్రశ్న. కోడలు ఆదివారం గడప దాటడం ఇష్టంలేకనే అడిగిందా? వడ్డించేటప్పుడు అత్త ముఖం చూస్తే అత్త చూపు తిప్పుకుంది. 

మళ్లీ ఆవిరి పట్టి, మళ్లీ బిగించి, ఈసారి ఎరువు బస్తాల వెనక దాచింది. మర్నాడు కోరుట్లకు గాజుల కోసం పోతున్నానని అందరికీ వినపడేలా చెప్పి బయల్దేరింది. వీధి మలుపు దాకా పోయి, వెనక్కి తిరిగొచ్చి చూస్తే బస్తాల వెనక విల్లు లేదు. పైన అలికిడి విని మెల్లగా డాబా మెట్లెక్కింది.

ఎండబోసిన పసుపు కొమ్ముల నడుమ విల్లు పడుకుని ఉంది. పక్కనే కూర్చున్న లక్ష్మవ్వ దాన్ని కొమ్ముల్లాగే ఇటూ అటూ తిప్పుతోంది. చీర పేలికలు ఒళ్లో మడత పెట్టి ఉన్నాయి.

"ఏం జేస్తున్నవ్ అత్తమ్మా?"

లక్ష్మవ్వ ఉలిక్కిపడింది. "ఉడుకవెట్టినంక ఎండకెయ్యకుంటే బూజు వట్టదా బిడ్డా? నువ్వేమో గుడ్డలు జుట్టి చీకట్ల వెడితివి."

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే, కొత్తగ అచ్చిన దానికి వంకలు వెడుతున్ననంటవని భయపడ్డ. నిన్నటి సంది నన్ను దొంగను జూసినట్టు జూస్తున్నవ్, నాకు తెల్వదా?"

పూజ తల దించుకుంది. తర్వాత ఆమె పక్కనే చతికిలబడి, వేడి తగిలిన కర్ర బిగువు లేకుండా ఎండలో పడితే పాత మెలికకే తిరిగిపోతుందని చెప్పింది. లక్ష్మవ్వ విల్లును కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, కొస దాకా చూసింది. వంకర ఆమెకూ కనపడింది. చేతిలోని విల్లును ఎక్కడ దించాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుంది.

"ఇంకెన్ని దినాలు కట్టి ఉంచాలె?"

"శనివారం దాక. ఇంకొక్కసారే సమయముంది, అత్తమ్మా."

కల్లంలో ఇక మిగిలింది ఒక్క కడాయి పసుపే. లక్ష్మవ్వ పేలికలు దులుపుకుంటూ లేచింది.

"రేపు తెల్లారంగనే పొయ్యి ముట్టిస్త. నువ్వు ఆవిరి వట్టు, కట్లు నేను గుంజి కడ్త. ఆరేదాక కొట్టుగది తాళంచెవి నీ కొంగుకే ఉండాలె. నేనడిగినా ఇయ్యకు."